పేరు కలిస్తే పూర్వీకుడేనా? ఐర్లండ్ కథోలిక విచారణ రిజిస్టర్లపై అపోహలు – వాస్తవాలు

గత ఏప్రిల్‌లో సికింద్రాబాద్ నుంచి ఒక పెద్దాయన నాకు ఉత్తరం రాశారు. ఆయన ముత్తాత ఐర్లండ్‌లోని కార్క్ కౌంటీలో పుట్టి, బ్రిటిష్ సైన్యంలో చేరి తిరుమలగిరి కంటోన్మెంటుకు వచ్చి, సైన్యం నుంచి విడుదలయ్యాక నిజాం రైల్వేలో ఉద్యోగం చేసి అక్కడే కన్నుమూశారట. ఉత్తరానికి ఒక పాత జ్ఞానస్నాన (బాప్టిజం) రిజిస్టరు పుట ఫొటో జతచేసి, అందులో ఒక పేరు చుట్టూ ఎర్రసిరాతో గీత గీశారు. కుటుంబమంతా డబ్లిన్‌కు టిక్కెట్లు కొనుక్కున్నామని, ఆ విచారణ (పారిష్, అంటే ఒక ఫాదర్ గారి కింద ఉండే చర్చి ప్రాంతం) చర్చిలో ముత్తాత పేరున పూజ పెట్టించాలనుకుంటున్నామని, అక్కడి ఫాదర్ గారికి ముందుగా ఎలా రాయాలో చెప్పమని అడిగారు.

నేను ఆ ఫొటోను పెద్దది చేసి చూశాను. పిల్లవాడి పేరు సరిపోయింది, తండ్రి పేరు సరిపోయింది, సంవత్సరం కూడా ఇంచుమించు సరిపోయింది. అయితే ఎర్ర గీతకు తొమ్మిది పంక్తుల కింద అదే పేరుతో, అదే ఇంటిపేరుతో, అదే తండ్రి పేరుతో ఇంకొక పిల్లవాడు ఉన్నాడు. తల్లులు వేరు, నివాసం రాసిన ఊళ్లు వేరు. పెద్దాయన మొదటివాడు కనబడగానే ఆగిపోయారు.

డబ్లిన్‌లో ఈ రిజిస్టర్లు చదివి కుటుంబ చరిత్రలు తయారుచేసే పనిలో నాకు 12 ఏళ్లు గడిచాయి. ఇదే పొరపాటు మోసుకొచ్చిన ఉత్తరాలు ఎన్ని చదివానో లెక్కపెట్టడం ఎప్పుడో మానేశాను. సికింద్రాబాద్, విశాఖపట్నం ప్రాంతాల ఆంగ్లో ఇండియన్ కుటుంబాల వారూ, ఇక్కడ స్థిరపడి తమ ఇరుగుపొరుగు కోసమో అల్లుడి తరఫు వారి కోసమో అడిగే తెలుగువారూ తరచుగా రాస్తున్నారు కాబట్టి, ఒకసారి తెలుగులోనే వివరంగా చెప్పదలచుకున్నాను.

అపోహ: పేరు, తండ్రి పేరు, సంవత్సరం కలిస్తే ఆ మనిషి మన పూర్వీకుడే.

ఈ ఒక్క నమ్మకం వల్ల జనం పోగొట్టుకునే డబ్బు, కాలం, మనశ్శాంతి మిగిలిన అపోహలన్నిటి వల్ల కలిగే నష్టాన్ని మించిపోతాయి. అందువల్ల దీని మీదే ఎక్కువ సేపు ఆగుతాను.

ఐర్లండ్‌లో అందరికంటే ఎక్కువగా వినబడే ఇంటిపేరు మర్ఫీ. 1890లో నమోదైన జననాల ఆధారంగా రాబర్ట్ మాథసన్ అనే అధికారి వేసిన అంచనా ప్రకారం, అప్పట్లో మర్ఫీలు 62,600 మంది, కెల్లీలు 55,900 మంది, సలివన్లు 43,600 మంది ఉన్నారు. వీరు దేశమంతటా సమంగా పరుచుకుని లేరు. సలివన్లలో అత్యధికులు కార్క్, కెర్రీ కౌంటీల్లోనే కిక్కిరిసి ఉండేవారు. ఇక పెట్టుకునే పేర్లు చూస్తే జాన్, పాట్రిక్, మైకేల్, డెనిస్, డానియెల్, తిమోతి, మేరీ, బ్రిడ్జిట్, మార్గరెట్, హొనొరా అంటూ ఒక చిన్న బుట్టలోంచే అందరూ తీసుకునేవారు.

దీనికి తోడు వారికి ఒక ఆచారం ఉండేది, అది తెలుగువారికి ఎవరూ విడమరచి చెప్పనక్కరలేదు. మొదటి కొడుక్కు నాన్న తరఫు తాత పేరు, రెండోవాడికి అమ్మ తరఫు తాత పేరు, మొదటి కూతురికి అమ్మమ్మ పేరు, రెండో కూతురికి నానమ్మ పేరు పెట్టడం అక్కడ వాడుక. అందరూ తూచా తప్పకుండా పాటించకపోయినా, చాలా ఇళ్లలో ఇదే వరస కనబడుతుంది. జాన్ అనే తాతకు నలుగురు కొడుకులున్నారనుకోండి. నలుగురూ పెళ్లిళ్లు చేసుకుని ఆ చుట్టుపక్కలే కౌలుకు సేద్యం చేసుకుంటూ ఉంటే, పదేళ్లు తిరిగేసరికి ఒకే ఇంటిపేరుతో నలుగురు జాన్‌లు ఒకే చర్చిలో జ్ఞానస్నానం పొందుతారు. ఇంకో పాతికేళ్లకు ఆ నలుగురికీ పిల్లలు పుట్టి, జాన్ కొడుకు పాట్రిక్‌లు, జాన్ కొడుకు డెనిస్‌లు ఆ రిజిస్టరు నిండా బారులు తీరతారు. మన పల్లెల్లో వెంకయ్యా అని కేక వేస్తే నలుగురు పలుకుతారు కాబట్టే బావికాడ వెంకయ్య, చింతచెట్టు వెంకయ్య అని గుర్తులు పెట్టుకున్నాం. టిప్పరేరీ, లిమరిక్ ప్రాంతాల రయన్‌లు కూడా అచ్చంగా ఆ పనే చేశారు. ఒక శాఖవారు రయన్ బాన్, అంటే తెల్ల రయన్లు, ఇంకొక శాఖవారు రయన్ రువా, అంటే ఎర్ర రయన్లు. కొందరు గురువులు (చర్చి ఫాదర్లు) ఈ గుర్తుపేర్లను రిజిస్టరులో రాసిపెట్టారు, చాలామంది రాయలేదు. రాసిన చోట కూడా, పేర్లను కంప్యూటరులోకి ఎక్కించినవారు వాటిని వదిలేసిన సందర్భాలు నేనే చూశాను. అందుకే సూచికతో సరిపెట్టుకోకుండా అసలు పుట బొమ్మను తెరిచి చూడమని మొత్తుకుంటాను.

పేరు పోలికను నమ్మి దేశాలకు దేశాలే పొరబడ్డాయి. న్యూయార్క్‌లోని ఎల్లిస్ ఐలండ్ వలస కేంద్రం 1892 జనవరి 1న తెరుచుకున్నప్పుడు అందులో మొట్టమొదట అడుగుపెట్టినది కార్క్ కౌంటీ నుంచి ఇద్దరు తమ్ముళ్లతో కలిసి ఓడ దిగిన ఆనీ మూర్ అనే అమ్మాయి. ఆ తర్వాత ఆమె టెక్సస్‌కు వెళ్లి, అక్కడ పెళ్లి చేసుకుని, 1923లో ప్రమాదంలో మరణించిందని దశాబ్దాల పాటు అందరూ చెప్పుకున్నారు. ఆ టెక్సస్ కుటుంబాన్ని వేడుకలకు పిలిచి గౌరవించారు కూడా. మెగన్ స్మోలెన్యాక్ అనే వంశ పరిశోధకురాలు కాగితాలు తిరగేసి, టెక్సస్‌లోని ఆనీ మూర్ అమెరికాలోనే, ఇల్లినాయ్ రాష్ట్రంలో పుట్టిందని 2006లో తేల్చారు. అసలు ఆనీ మాన్‌హాటన్ దాటి ఎక్కడికీ వెళ్లలేదు. అక్కడే కాపురం చేసి, పిల్లల్ని కని, 1924లో కన్నుమూసి, క్వీన్స్‌లోని కాల్వరీ శ్మశానంలో పేరు చెక్కిన రాయి కూడా లేని సమాధిలో ఉండిపోయింది. పత్రికలు, మ్యూజియంలు, ప్రభుత్వాలు పట్టించుకున్న మనిషి విషయంలోనే ఇంత పొరపాటు జరిగితే, ఎవరికీ పట్టని ఒక కౌలురైతు కొడుకు విషయంలో జరగదా?

ఇతరుల పొరపాట్లు చెప్పి నాది దాచుకోవడం న్యాయం కాదు. ఈ పనిలోకి వచ్చిన రెండో ఏట అమెరికాలోని ఒక కుటుంబం కోసం తిమోతి సలివన్ అనే మనిషిని వెతికాను (పేరు మార్చాను). 1846 ప్రాంతంలో పుట్టాడు, తండ్రి డానియెల్, తల్లి మేరీ, కెర్రీ కౌంటీ. వారి దగ్గర ఉన్న సమాచారం అంతే. ఆ వివరాలన్నీ కలిసిన జ్ఞానస్నానం ఒకటి రెండు రోజుల్లోనే దొరికింది. నేను సంబరపడిపోయి నివేదిక పంపాను, వారు ఆ ఊరికి వెళ్లి, చర్చి ముందు నిలబడి ఫొటోలు దిగారు. ఎనిమిది నెలల తర్వాత వేరే కుటుంబం పని మీద అదే ఊరి 1911 జనగణన పత్రం తెరిస్తే, నేను అమెరికాకు పంపించిన తిమోతి సలివన్ అక్కడే, ఆ ఊళ్లోనే, భార్యాపిల్లలతో ముసలివాడై కూర్చుని ఉన్నాడు. అతని పెళ్లి రికార్డు తీసి చూస్తే తండ్రి పేరు డానియెల్ అనీ, నివాసం అదే ఊరనీ ఉంది. పైగా 1901లో 54 ఏళ్లు అని రాసుకున్న ఆయన 1911కు 70 ఏళ్లవాడయ్యాడు, ఎందుకంటే ఈ మధ్యలో 1908 వృద్ధాప్య పింఛను చట్టం వచ్చి, 70 నిండినవారికి డబ్బు ఇవ్వడం మొదలైంది. ఐర్లండ్‌లో ఆ పదేళ్లలో పదిహేనేళ్లు పెరిగినవారు కోకొల్లలు. ఆ అమెరికా కుటుంబానికి క్షమాపణ రాసి డబ్బు తిరిగి పంపడం నాకు కష్టమనిపించలేదు. "ఆ ఫొటో మా అమ్మ మంచం పక్కన పెట్టుకుని కన్నుమూసింది" అని వారు జవాబు రాశారు, దానికి ఏం రాయాలో మాత్రం నాకు తోచలేదు.

కాబట్టి ఒక పేరు దొరకగానే చేయవలసిన మొదటి పని, అతను మనవాడు కాకపోవడానికి ఉన్న కారణాలన్నీ వెతకడం. ఆ విచారణలోనూ, దాన్ని ఆనుకుని ఉన్న విచారణల్లోనూ, అయిదారేళ్ల అటూ ఇటూ ఆ పేరున్న పిల్లలందరినీ ఒక కాగితం మీద రాసుకోవాలి. తర్వాత వారిలో ఊళ్లోనే ఉండిపోయినవారిని ఒక్కొక్కరినే కొట్టివేయాలి. జననాలు, మరణాలు, కథోలికుల పెళ్లిళ్లు ప్రభుత్వం వద్ద నమోదు కావడం 1864 జనవరి 1న మొదలైంది కాబట్టి, 1840ల్లో పుట్టి అక్కడే పెళ్లి చేసుకున్న మనిషి సాధారణంగా ఆ పుస్తకాల్లో దొరుకుతాడు. వందేళ్లు దాటిన జననాలు, 75 ఏళ్లు దాటిన పెళ్లిళ్లు, 50 ఏళ్లు దాటిన మరణాలు ఐర్లండ్ ప్రభుత్వ వెబ్‌సైటులో ఉచితంగానే చూడవచ్చు. 1901, 1911 జనగణన పత్రాలు కూడా నేషనల్ ఆర్కైవ్స్ వారు ఉచితంగానే పెట్టారు. ఇవి చూడకుండా విమానం ఎక్కవద్దు.

మిగిలినవారిలో మనవాడిని పట్టించేవి తల్లి పుట్టింటి ఇంటిపేరు, జ్ఞాన తల్లిదండ్రుల (జ్ఞానస్నానంలో పిల్లల తరఫున నిలబడేవారి) పేర్లు, ఊరి పేరు. సికింద్రాబాద్ పెద్దాయన పంపిన పుటలోని ఆ రెండో పిల్లవాడి పంక్తినే, పేర్లు మార్చి, ఇక్కడ చూపిస్తాను: "బాప్టిజావి యొవాన్నెమ్, ఫిలియుమ్ లెజిటిముమ్ డియొనిసీ మర్ఫీ ఎత్ హొనొరే డ్రిస్కల్, పత్రిని యూజెనియుస్ డ్రిస్కల్ ఎత్ బ్రిజిడా మర్ఫీ." లాటిన్ చూసి భయపడవలసిన పని లేదు, పుస్తకమంతా ఇవే పది పదాలు తిరుగుతుంటాయి. డెనిస్ మర్ఫీ, హొనొరా డ్రిస్కల్ దంపతుల కొడుకు జాన్‌కు జ్ఞానస్నానం ఇచ్చాను, జ్ఞాన తల్లిదండ్రులు ఓవెన్ డ్రిస్కల్, బ్రిడ్జిట్ మర్ఫీ అని దీని అర్థం. తల్లి పేరును పుట్టింటి ఇంటిపేరుతో రాయడం కథోలిక గురువులు మనకు చేసిన మహోపకారం. ఇక ఆ జ్ఞాన తండ్రిది పిల్లవాడి తల్లి ఇంటిపేరు, జ్ఞాన తల్లిది పిల్లవాడి తండ్రి ఇంటిపేరు. ఇంగ్లీషువారికి ఇద్దరూ అంకుల్, ఆంటీ అయి ఊరుకుంటారు గానీ, తెలుగు చెవికి అక్కడ మేనమామ, మేనత్త నిలబడి ఉన్నట్టు వెంటనే వినబడుతుంది. వారు కచ్చితంగా తోబుట్టువులే అని ఒక్క పంక్తితో చెప్పలేం. అయితే అదే దంపతుల మిగిలిన పిల్లల జ్ఞానస్నానాలు కూడా బయటికి తీస్తే, ఆ ఓవెన్లు, బ్రిడ్జిట్లు మళ్లీ మళ్లీ వస్తూ, కుటుంబం చుట్టూ ఒక గుంపు తయారవుతుంది. వలస వెళ్లిన చోట పెళ్లికి సాక్షులుగా, పిల్లలకు జ్ఞాన తల్లిదండ్రులుగా అదే గుంపులోని ఇంటిపేర్లు కనబడితే అప్పుడు నేను కాస్త ఊపిరి పీల్చుకుంటాను.

లాటిన్ పేర్ల విషయంలో ఒక హెచ్చరిక మాత్రం చేయాలి. యాకోబుస్ అంటే జేమ్స్, గులియెల్ముస్ అంటే విలియం అన్నవి అందరికీ తెలుస్తాయి. కార్క్, కెర్రీ ప్రాంతాల్లో మాత్రం ఐరిష్‌లో డియర్‌మిడ్ అని పిలిచే మనిషి ఒక పుస్తకంలో జెరెమయా, ఇంకో పుస్తకంలో డార్బీ, మరో చోట డెర్మట్ అవుతాడు. తైగ్ అని పిలిచేవాడు తిమోతి, థాడీ రెండూ అవుతాడు. ఈ ముగ్గురూ నలుగురూ వేర్వేరు మనుషులనుకుని అసలువాడిని పారేసుకున్నవారిని చూశాను.

అపోహ: 1922లో డబ్లిన్‌లో అన్ని రికార్డులూ కాలిపోయాయి, ఇక వెతకడం దండగ.

ఈ మాట చెప్పేవారు ఎవరూ ఆ రోజు ఏం కాలిందో చదివి చెప్పరు, అందుకే నాకు విసుగు. అంతర్యుద్ధంలో 1922 జూన్ 30న ఫోర్ కోర్ట్స్ అనే న్యాయస్థానాల ప్రాంగణంలోని పబ్లిక్ రికార్డ్ ఆఫీసు పేలుడులో తగలబడిన మాట నిజం. 1821 నుంచి 1851 వరకు జరిగిన జనగణనల్లో చాలా భాగం, వీలునామాలు, అక్కడికి చేరిన చర్చ్ ఆఫ్ ఐర్లండ్ రిజిస్టర్లు అందులో పోయాయి. 1871 వరకు రాజ్యపు అధికారిక చర్చి కావడం వల్ల ప్రొటెస్టెంటు రిజిస్టర్లు ప్రభుత్వ రికార్డులుగా లెక్కకు వచ్చి ఆ భవనానికి వెళ్లాయి. కథోలిక రిజిస్టర్లను ఎవరూ అడగలేదు, ఎవరూ పంపలేదు. అవి ఎక్కడివక్కడ గురువుల ఇళ్లలో పెట్టెల్లో, బీరువాల్లో ఉండిపోయి బతికిపోయాయి. 1861, 1871 జనగణన పత్రాలను ప్రభుత్వమే అంతకు చాలా ముందు నాశనం చేయించింది, 1881, 1891 పత్రాలు మొదటి ప్రపంచ యుద్ధ కాలంలో గుజ్జు కాగితం కింద పోయాయి. మంటకు వాటితో సంబంధమే లేదు.

ఆ కథోలిక పుస్తకాలను నేషనల్ లైబ్రరీ ఆఫ్ ఐర్లండ్ వారు 1950ల నుంచి మైక్రోఫిల్మ్ మీదికి ఎక్కించి, 2015 జూలై 8న 3,70,000కు పైగా పుటల బొమ్మలను ఇంటర్నెట్‌లో ఉచితంగా పెట్టారు. దాదాపు 1880 వరకు ఉన్న పుటలు అందులో చూడవచ్చు. కాలిపోయిన వాటికి మిగిలిన నకళ్లను సేకరించి ట్రినిటీ కాలేజీ వారి నాయకత్వంలో 2022లో ప్రారంభించిన డిజిటల్ భాండాగారం కూడా ఉచితమే. పైన చెప్పిన వృద్ధాప్య పింఛను కోసం ముసలివారు తమ వయసు నిరూపించుకోవడానికి 1841, 1851 జనగణనల నుంచి రాయించుకున్న చీటీలు మిగిలాయి, కాలిపోయిన కొన్ని ఇళ్ల వివరాలు ఇప్పుడు వాటి వల్లనే తెలుస్తున్నాయి.

ఇంత చెప్పినా, మీ వాళ్లు 1820లో పుట్టి ఉంటే రిజిస్టరులో దొరకకపోవచ్చు, దానికి మంట కారణం కాదు. కథోలికుల మీద శిక్షా చట్టాలు అమలైన కాలంలో పుస్తకాలు పెట్టుకునే స్థోమత, ధైర్యం చాలా విచారణలకు లేవు. డబ్లిన్, కార్క్, గాల్వే, వాటర్‌ఫర్డ్, లిమరిక్ నగరాల్లో కొన్ని పుస్తకాలు 1740, 1750ల నుంచి ఉన్నాయి. కిల్డేర్, వెక్స్‌ఫర్డ్, కిల్కెనీ వంటి కౌంటీల్లో 1780, 1790ల నుంచి దొరుకుతాయి. పడమటి తీరంలోని బీద విచారణల్లో కొన్ని 1850లు దాటితే గాని మొదలు కావు. మా వాళ్లు చర్చికి వెళ్లేవారు కాదేమో, ఏదైనా మచ్చ ఉందేమో అని దిగులుపడుతూ రాసేవారికి నేను చెప్పేది ఇదే: మీ వాళ్లలో లోపం లేదు, అప్పటికి పుస్తకమే లేదు.

అపోహ: ఆ ఊళ్లోని పాత చర్చికి వెళితే పుస్తకం తీసి చూపిస్తారు.

ఊరి మధ్య శ్మశానంలో కప్పు లేని రాతి గోడలతో కనబడే పాత చర్చి చాలా చోట్ల మధ్యయుగాల నాటి సివిల్ పారిష్‌కు (ప్రభుత్వం తన లెక్కలకు వాడుకున్న పాత విభాగానికి) చెందినది. మతసంస్కరణ తర్వాత అది కథోలికుల చేతిలో లేదు. అయినా కథోలికులు తమ వారిని అదే నేలలో పాతిపెట్టుకుంటూ వచ్చారు, అందువల్ల సమాధులు అక్కడ దొరకవచ్చు. జ్ఞానస్నానం జరిగినది మాత్రం రెండు మైళ్ల అవతల ఉన్న గడ్డికప్పు చాపెల్‌లోనో, ఎవరి ఇంట్లోనో అయి ఉంటుంది. ఈనాడు ఫొటోలు తీసుకునే కథోలిక చర్చి భవనాల్లో అధికభాగం కథోలికుల మీద ఆంక్షలు తొలగించిన 1829 విమోచన చట్టానికి తర్వాత కట్టినవే. సివిల్ పారిష్‌లు సుమారు 2,500, కథోలిక విచారణలు వెయ్యికి పైచిలుకు. రెంటి సరిహద్దులూ కలవవు, ఒక్కోసారి పేర్లు కూడా కలవవు. సైనికుల చేరిక పత్రంలో "ఫలానా పట్టణం దగ్గరి ఫలానా పారిష్‌లో పుట్టాడు" అని రాసి ఉంటే అది సాధారణంగా సివిల్ పారిష్, మీకు కావలసినది కథోలిక విచారణ. ఊరికంటే చిన్నదైన టౌన్‌లాండ్ పేరు ఒక్కటి తెలిస్తే ఈ చిక్కంతా విడిపోతుంది. అటువంటి టౌన్‌లాండ్‌లు 60,000కు పైగా ఉన్నాయి.

పుస్తకాలు చర్చిలో ఉండవు, గురువుల నివాసంలోనో మేత్రాసన (బిషప్ గారి) కార్యాలయంలోనో ఉంటాయి. అవి చర్చి సొంత ఆస్తి, చూపించి తీరాలన్న నియమం ఏదీ లేదు. ఆదివారం పూజ అయ్యాక మూడు విచారణలు ఒంటిచేత్తో చూసుకునే ముసలి ఫాదర్ గారిని పట్టుకుని బీరువా తెరవమనడం మర్యాద కూడా కాదు. ఎలాగూ 1880 లోపు పుటలు ఇంట్లో కూర్చుని చూడవచ్చు కదా.

మిగిలినవి గబగబా చెప్పేస్తాను. జ్ఞానస్నానం తేదీ పుట్టిన తేదీ కాదు, అయినా పుట్టిన కొద్దిరోజుల్లోనే ఇచ్చేవారు. 1864 తర్వాత ప్రభుత్వ రికార్డులోని పుట్టిన తేదీ జ్ఞానస్నానం తేదీకి తర్వాతిదై ఉంటే కంగారుపడవద్దు, గడువు దాటితే జరిమానా పడుతుందని తండ్రులు అసలు తేదీకి తర్వాతి తేదీ చెప్పేవారు, అటువంటప్పుడు చర్చి పుస్తకాన్నే నమ్మండి. కథోలిక పుస్తకాల్లో మరణాలు, భూస్థాపనలు చాలా అరుదు. ఇంటిపేరు ముందు "ఓ" ఉందా లేదా, "మాక్" ఉందా లేదా అన్నది ఏమీ తేల్చదు, ఒకే అన్నదమ్ములకు రెండు రకాలుగా రాసిన పుటలున్నాయి. ఇంటిపేరుకు కుటుంబ చిహ్నం అంటూ ఒకటి ఉండదు, అది ఒక మనిషికి ఇచ్చేది. దుకాణాల్లో అమ్మే డాలు బొమ్మ తాళపుచెవికి తగిలించుకోవడానికి పనికొస్తుంది. ఐరిష్‌వారందరూ కథోలికులు కారు. బరాక్ ఒబామా పూర్వీకుడు ఫాల్మత్ కియర్నీ ఆఫలీ కౌంటీలోని మనీగాల్ నుంచి 1850లో అమెరికా వెళ్లినవాడే, ఆ కుటుంబపు ఆధారాలు బయటపడినది చర్చ్ ఆఫ్ ఐర్లండ్ పుస్తకాల్లో. పెళ్లి పంక్తిలో "మూడో అంతస్తు రక్తసంబంధానికి అనుమతి" అని లాటిన్‌లో కనబడితే తప్పేదో జరిగిందనుకోవద్దు, వధూవరులు తాతల తరంలో తోబుట్టువుల మనవలు. మేనరికాలు చూసి పెరిగిన మనకు అది ఆశ్చర్యమే కాదు, పరిశోధకుడికి అది పండగ. 1908 నుంచి పెళ్లి వివరం వధూవరుల జ్ఞానస్నాన పంక్తి పక్కన రాయాలన్న నియమం వచ్చింది కాబట్టి, 1870ల్లో, 1880ల్లో పుట్టినవారి పక్కన అమెరికాలో జరిగిన పెళ్లి తేదీ, చర్చి పేరు కనబడే అదృష్టం అప్పుడప్పుడూ దక్కుతుంది.

పౌరసత్వం గురించిన పుకారును మాత్రం ఒక్క నిమిషం ఆపి ఖండించాలి. ముత్తాత జ్ఞానస్నాన పత్రం దొరికితే ఐర్లండ్ పాస్‌పోర్టు వస్తుందని చెప్పి డబ్బు తీసుకుంటున్న ఏజెంట్లు ఉన్నారు. తాతో, అమ్మమ్మో, నానమ్మో ఐర్లండ్ ద్వీపంలో పుట్టి ఉంటే విదేశీ జననాల రిజిస్టరులో నమోదు చేసుకునే అర్హత ఉంటుంది. బంధం ముత్తాత దగ్గరే ఆగిపోతే, సాధారణంగా మీరు పుట్టేనాటికే మీ తల్లో తండ్రో ఆ రిజిస్టరులో నమోదై ఉండాలి. లేకపోతే ఆ దారి మూసుకున్నట్టే.

మన ప్రాంతపు కుటుంబాలకు వెతుకులాట మొదలయ్యేది ఐర్లండ్‌లో కాదు, సికింద్రాబాద్‌లోనే. అక్కడి సెయింట్ మేరీస్ చర్చిని కట్టించిన ఫాదర్ డానియెల్ మర్ఫీ స్వయంగా కార్క్ మనిషి, ఆయన మందలో ఐరిష్ సిపాయిలు చాలామంది. ఈస్టిండియా కంపెనీ వారి మద్రాసు యూరోపియన్ ఫ్యుజిలియర్స్ దళమే చేతులు మారి 1881లో రాయల్ డబ్లిన్ ఫ్యుజిలియర్స్‌లో కలిసింది. మద్రాసు ప్రెసిడెన్సీలో జరిగిన జ్ఞానస్నానాలు, పెళ్లిళ్లు, భూస్థాపనల నకళ్లు లండన్‌లోని బ్రిటిష్ లైబ్రరీలో ఉన్నాయి. పెళ్లి పత్రంలో ఇద్దరి తండ్రుల పేర్లూ, సాక్షుల పేర్లూ ఉంటాయి. పింఛనుతో విడుదలైన సైనికుల కాగితాల్లో పుట్టిన పారిష్ ఉంటుంది. ఇవి చేతికి రాకముందే ఐర్లండ్ రిజిస్టరు తెరిస్తే ప్రతి జాన్ మర్ఫీ మన ముత్తాతలాగే కనబడతాడు.

పెద్దాయనకు నేను అదే రాశాను. ప్రయాణం కాస్త ఆపుకుని, ముత్తాత పెళ్లికి సాక్షులెవరో, ఆయన పిల్లల పేర్లు వరసగా ఏమిటో, వారికి జ్ఞాన తల్లిదండ్రులెవరో సికింద్రాబాద్‌లో కనుక్కోమన్నాను. నాలుగు వారాలకు జవాబు వచ్చింది. మొదటి కొడుకు డెనిస్. మొదటి కూతురికి భార్య తల్లి పేరు పెట్టారు. రెండో కూతురు హొనొరా. ఎర్ర గీత గీసిన పిల్లవాడి తల్లి పేరు మేరీ, తొమ్మిది పంక్తుల కింద ఉన్నవాడి తల్లి పేరు హొనొరా డ్రిస్కల్. దీన్ని నేను ఇంకా రుజువు అనడం లేదు, ఎందుకంటే హొనొరాలు ఆ విచారణలో ఇంటికి ఒకరున్నారు, మేరీ కొడుకు ఏమైపోయాడో కూడా ఇంకా తేలలేదు. అతను అక్కడి పెళ్లిళ్లలో లేడు, 1901 జనగణనలోనూ లేడు, అమెరికా వెళ్లి ఉండవచ్చు. మూడో కూతురి జ్ఞాన తండ్రిగా తిరుమలగిరిలోని ఒక కార్పొరల్ పేరు ఉంది, అతని ఇంటిపేరు డ్రిస్కల్. ప్రస్తుతం అతని సైనిక కాగితాల కోసం రాశాను. పెద్దాయన టిక్కెట్లను సెప్టెంబరుకు మార్చుకున్నారు.